గూని మీద ఆరు బారలు

ఆ ఆదివారం పొద్దున ఆయన చేసింది ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్రతి ఆదివారం చేస్తున్న పనే. తొట్టిలో నానుతున్న కొలతాడును తీసి, ఒక చివర తలుపు పక్కనున్న మొదటి ఇత్తడి మేకుకు తగిలించి, మిగతా తాడును వదులుకుంటూ వరండా పొడుగునా వెనక్కి నడిచాడు.

రేవు ఉద్యోగుల ఇళ్ళు ఐదూ ఒకే వరసలో, ఒకే వరండాతో ఉండేవి. ఆ వరండా గచ్చులో బారకొకటి చొప్పున మేకులు ఆయనే దిగ్గొట్టాడు. బార అంటే ఆరడుగులు. తాడు మీద కూడా బారకొక గుర్తు ఉంటుంది. ఒకచోట తోలు ముక్క, ఒకచోట ఎర్రగుడ్డ, ఒకచోట ఉత్త ముడి. ప్రతి గుర్తూ తన మేకు మీద పడాలి. పడకపోతే తాడు అబద్ధం చెబుతున్నట్టు. ఆ తాడుకు సీసపు గుండు కట్టి సముద్రంలోకి దించి, ఓడలు వచ్చే దారిలో ఎంత నీరుందో చెప్పడం ఆయన ఉద్యోగం. రేవులో చిన్నా పెద్దా అందరికీ ఆయన బారల మామ.

"మళ్ళీ పరిచారూ పామును," అంది పక్కింటి పెద్దావిడ, గిన్నె చేత్తో పట్టుకుని తాడు దాటుతూ.

"కరవదులెండి. దీనికి పళ్ళు ఇంకా రాలేదు, కొత్తది," అన్నాడాయన.

మొదటి గుర్తు మేకు మీద పడలేదు. రెండోది ఇంకాస్త వెనకపడింది. ఆయన నడక తగ్గింది. ఆరో గుర్తు దగ్గర వంగి, గుర్తుకూ మేకుకూ మధ్య జాన పెట్టి చూశాడు. సరిగ్గా రెండు జానలు. తాడును ఇంకొంచెం బిగలాగి మళ్ళీ పెట్టాడు. రెండు జానలే.

గడపలో కూర్చుని టీ తాగుతున్న కూతురు ఆయన ముఖం చూసింది. ఆ ముఖంలో కోపం లేదు. మెట్లు దిగుతూ చివరి మెట్టు ఉందనుకుని కాలు వేసినవాడి ముఖంలా ఉంది. ఆమె గ్లాసు పక్కన పెట్టేసింది. ఎందుకంటే ఆ తాడు మీద గుర్తులు కట్టింది ఆమె.

*

అంతకు ముందు మంగళవారం రాజధాని నుంచి ఒకాయన దిగాడు. ఉక్కపోతలో కూడా కోటు విప్పకపోవడంతో సాయంత్రానికల్లా రేవు అంతా ఆయనకు కోటాయన అని పేరు పెట్టేసింది. దూరపు పెద్దదేశం వాళ్ళ యుద్ధనౌక మన రేవుకు వస్తోందనీ, నాలుగు రోజులు ఉంటుందనీ, వచ్చే గురువారం పదకొండు గంటలకు గట్టుకు తగలాలనీ చెప్పాడు. ఓడ నీళ్ళలోకి ముప్పై మూడడుగులు దిగుతుంది. దాని కింద ఇంకో మూడడుగులు ఖాళీ ఉండాలి. అంటే దారి పొడుగునా ఆరు బారల నీళ్ళు, అదీ సముద్రం వెనక్కి తీసే ఆటు సమయంలో. వాళ్ళు అడిగింది ఒక్కటే, లోతు కొలిచి కాగితం మీద రాసి పంపమని.

రేవులో లోతు చెప్పే యంత్రం ఒకటుండేది. దాన్ని బహుమతిగా ఇచ్చింది కూడా ఆ దూరపు పెద్దదేశమే. రెండు వానాకాలాలు పలికి మూగబోయింది. దాన్ని బాగుచేయగలవాడు ఆ దేశంలోనే ఉన్నాడు. అందుకని మళ్ళీ బారల మామ తాడే దిక్కయింది.

ఆయన పాత తాడు తారు పట్టి నల్లగా, అక్కడక్కడా పీచు లేచి ఉండేది. కోటాయన దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసి వదిలేశాడు.

"ఫోటోలు తీస్తారండీ. ఇది చూస్తే వాళ్ళేమనుకుంటారు?"

"లోతు ఇదే చెబుతుందండీ. ఫోటో కాదు," అన్నాడాయన మెల్లగా.

ఆ మధ్యాహ్నమే గోదాములోంచి తెల్లటి కొత్త తాడు చుట్ట ఇంటికి వచ్చింది. ఆయన్ను మాత్రం సాయంత్రం దాకా ఆఫీసులో సమావేశంలో కూర్చోబెట్టారు. కూతురు అదే ఆఫీసులో లోతు అంకెలను పుస్తకంలోకి ఎక్కించే గుమాస్తా. భోజనానికి ఇంటికి వచ్చి తాడును చూసింది. తండ్రి మోకాళ్ళు ఆ ఏడు బాగా పట్టేశాయి. వంగి గుర్తులు కట్టాలంటే గోడ పట్టుకుని లేవాల్సి వస్తుంది. పాపం ఈ పూట ఆ బాధ తప్పిద్దామని ఆమె తాడును బకెట్టులో వేసి, తడిసిందనిపించాక తీసి, మేకుల మీద పరిచి వరసగా గుర్తులు కట్టేసింది. ప్రతి ఆదివారం తండ్రి చేసేది అదే. బకెట్టులో ముంచుతాడు, ఒక టీ తాగుతాడు, తీసి పరుస్తాడు. చిన్నప్పటినుంచీ చూస్తున్నది.

ఆమె చూసిందంతా పాత తాడును. కొత్త తాడు వేరు. దాన్ని మూడు నాలుగు గంటలు నానబెట్టి, బరువు కట్టి వేలాడదీసి, మళ్ళీ నానబెట్టాలి. అప్పుడుగానీ అది ముడుచుకోవాల్సినంత ముడుచుకోదు. ఆమె పుట్టాక ఆ ఇంటికి కొత్త తాడు రాలేదు. ఆ సంగతి చెప్పాల్సిన అవసరం ఆయనకూ రాలేదు.

సాయంత్రం ఆయన వచ్చి గుర్తులు చూసి, నవ్వి, "నానబెట్టావా?" అని అడిగాడు.

"నానబెట్టాను నాన్నా," అంది.

ఆయన అడిగింది గంటల తరబడి నానబెట్టడం గురించి, ఆమె చెప్పింది బకెట్టులో ముంచడం గురించి. ఆ మాట దగ్గరే అంతా జరిగిపోయింది.

*

బుధవారం పడవలో నలుగురు బయల్దేరారు. ఆయన, కోటాయన, ఫోటోల మనిషి, పడవ నడిపే సరంగు. అంకెలు రాసుకోవడానికి కూతురు ఐదోది. సరంగూ ఆయనా ఇరవై ఆరేళ్ళుగా ఒకే పడవలో తిరిగినవాళ్ళు. చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళు.

"ఎడంచేతమ్మా, జాగ్రత్తగా కూర్చో. రాసేది నువ్వు, కుదిపేది నేను," అన్నాడు సరంగు. ఆమె ఎడంచేత్తో రాస్తుందని చిన్నప్పుడు పెట్టిన పేరు అది.

దారిలో కోటాయన ఓడ ఎందుకొస్తోందో వివరించాడు. "పక్క పెద్దదేశం వాడు ఏడాదిగా సరిహద్దులో గుడారాలు వేస్తున్నాడు. వీళ్ళ ఓడ ఒక్కటి ఇక్కడ నాలుగు రోజులు ఆగితే చాలు, వాడు మనవైపు కన్నెత్తి చూడడు. పెద్ద దేశమంటే అది. తుపాకీ పేల్చక్కర్లేదు, వచ్చి నిలబడితే చాలు."

"అంటే మన వాకిట్లో వాళ్ళ ఏనుగుని కట్టేసుకుంటున్నాం," అన్నాడు సరంగు.

"అనుకోండి."

"గుమ్మం సరిపోతుందో లేదో మా బావ కొలుస్తున్నాడు. సరిపోకపోతే ఏనుగుని తిట్టరుగా, గుమ్మాన్నే తిడతారు."

కోటాయన నవ్వలేదు. ఫోటోల మనిషి నవ్వాడు.

"దూరపు వాళ్ళు మంచోళ్ళేలే బావా," అన్నాడు సరంగు మళ్ళీ. "మూడేళ్ళ కిందట తెల్ల పడవేసుకుని చేపల పరిశోధన అని వచ్చారు చూడు. పదకొండు రోజులు తచ్చాడి ఒక్క చేపా పట్టలేదు. జాలేసి నేనే నాలుగు ఇచ్చొచ్చా."

"నాకు పెన్సిలిచ్చారు," అన్నాడాయన చొక్కా జేబు తడుముకుని. ఒకవైపు ఎరుపూ ఒకవైపు నీలమూ ఉన్న మంచి పెన్సిలు అది. మంచినీళ్ళ పీపాలు అందించినందుకు ఇచ్చారు.

రేవుకు రెండు మైళ్ళ అవతల, ఓడల దారి మధ్యలో, నీటి అడుగున ఒక మట్టిదిబ్బ ఉంది. దాని పేరు గూని. ఆ పేరు పటంలో లేదు, వీళ్ళిద్దరి నోట్లోనే ఉంది. దారి మొత్తంలో తక్కువ నీరు ఉండేది అక్కడే. గూనికి దక్షిణం అంచున సన్నగా ఒక లోతైన సందు ఉంది. పెద్ద ఓడ వస్తే, దాన్ని రేవులోకి నడిపించే పైలట్ చెవిలో ఆ మాట ఊదేది ఆయనే. చిన్న ఓడలకు ఆ అవసరం లేదు, పెద్ద ఓడలు ఏళ్ళ తరబడి రాలేదు. దాంతో ఆ సందు సంగతి ఆయనకూ సరంగుకూ తప్ప ఎవరికీ గుర్తులేకుండా పోయింది.

మధ్యాహ్నం ఆటు పూర్తిగా తీశాక ఆయన గూని మీద గుండు దించాడు. అప్పటికి ఆ కొత్త తాడు నాలుగు గంటలుగా నీళ్ళలో మునుగుతూ తేలుతూ ఉంది. ఆరో గుర్తైన తెల్లగుడ్డ నీటిని తాకింది.

"ఆరు బారలు," అన్నాడు. తర్వాత గుండు పైకి లాగి, దాని కింది గుంటలో పూసిన కొవ్వుకు అంటుకున్న మట్టిని వాసన చూశాడు. గూని మట్టే. "పోయినేడు ఐదూ ముక్కాలు లేదూ? కాస్త దిగినట్టుందే."

"మన అదృష్టం," అన్నాడు కోటాయన.

మూడుచోట్ల దించితే మూడుచోట్లా ఆరే వచ్చింది. ఆయన ఎర్ర పెన్సిలుతో కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఫోటోల మనిషి సంతకాన్ని కూడా ఫోటో తీశాడు. చీకటి పడకముందే అంకె రాజధానికీ, అక్కడినుంచి దూరపు పెద్దదేశానికీ వెళ్ళిపోయింది. తాడు మాత్రం మళ్ళీ తొట్టిలోకి వెళ్ళింది. కొత్తది కదా, ఆదివారం దాకా నాననీ అన్నాడాయన.

*

ఆదివారం రెండు జానలంటే అడుగున్నర. గూని మీద ఉన్నది ఆరు బారలు కాదు, ముప్పై నాలుగున్నర అడుగులు. ఓడ అడుగుకూ గూనికీ మధ్య ఉండేది అడుగున్నర నీళ్ళు. అల ఒకటి కాస్త వెనక్కి పీలిస్తే అదీ ఉండదు.

ఆయన కూతుర్ని ఏమీ అడగలేదు. తాడు చుట్టుకుని లోపలికి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని, మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు. ఆమె రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. చెప్పాలని నాలుక చివరి దాకా వచ్చింది.  ఆమెకు భయమేసింది. తండ్రి తిడతాడని కాదు. తిట్టడానికి కూడా వీలులేనంత పెద్ద తప్పు ఇదని.

సోమవారం పొద్దున్నే ఆయన ఉత్తరం రాసి రేవు ఆఫీసరు ముందు పెట్టాడు. పక్క బల్ల దగ్గర కూతురు ఉంది. కొత్త తాడు సరిగా నానకముందే తానే గుర్తులు కట్టాననీ, గూని మీద నీరు అడుగున్నర తక్కువనీ, ఓడను పోటు సమయానికి రప్పించాలనీ, లేదా దక్షిణం అంచు సందులోంచి తేవాలనీ అందులో ఉంది. తానే కట్టాననే మాట దగ్గర ఆమె తలెత్తింది. ఆయన ఆమెవైపు చూడలేదు.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. ఉత్తరం రెండుసార్లు చదివి నీళ్ళు నమిలాడు.

"పెద్దాయనా, అంకె వెళ్ళిపోయింది."

"ఇంకో అంకె పంపండి."

"ఏమని పంపను? మా తాడు కురచైందనా? వాళ్ళ లెక్క తప్పితే దాన్ని సవరణ అంటారు. మన లెక్క తప్పితే కుట్ర అంటారు. ఓడ రాకుండా ఆపాలని పక్కదేశం వాళ్ళు మీ చేత చెప్పించారంటారు."

"నాచేతా?"

"మీ వదినగారు అక్కడే ఉన్నారుగా."

చనిపోయిన భార్యకు అక్క ఆవిడ. ముప్పై ఏళ్ళ కిందట పెళ్ళయి పక్కదేశం వెళ్ళింది. ఏడాదికొక ఉత్తరం రాసేది, ఎవరెవరికి ఒంట్లో ఎలా ఉందో తప్ప అందులో ఏమీ ఉండేది కాదు. ఆ ఉత్తరాల సంగతి ఆఫీసరుకు ఎలా తెలుసని ఆయన అడగలేదు. అడగాలనిపించలేదు. ఉత్తరంలో పోటు అన్న మాట మీద వేలు పెట్టాడు.

"పోటు సమయం మధ్యాహ్నం నాలుగున్నరకండీ. ఐదున్నర గంటలు ఆగమనండి, అంతే."

"పన్నెండున్నరకి మంత్రిగారి విందు ఉంది," అన్నాడు ఆఫీసరు. ఉత్తరాన్ని మడిచి సొరుగులో పెట్టి తాళం వేశాడు. "నేను చూస్తాను. మీరు ఎక్కడా నోరు విప్పకండి."

మంగళవారం ఇద్దరు మనుషులు వచ్చి ఐదిళ్ళకూ తిరిగారు. ఓడ వస్తోంది కాబట్టి మామూలు విచారణే అన్నారు. ఒకాయనకు మందపాటి కళ్ళజోడు, రెండో ఆయన అసలు మాట్లాడలేదు. ఇంట్లో ఉన్న రెండు కుర్చీల్లోనూ వాళ్ళు కూర్చుని, "కూర్చోండి, కూర్చోండి," అని తండ్రీకూతుళ్ళకు మర్యాద చేశారు. గోడ మీది ఫోటోలు చూశారు. వదినగారి ఉత్తరాలు అడిగి, చదివి, ఉన్నచోటే పెట్టేసి వెళ్ళారు. ఆ రోజు నుంచి ఆయన అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేవాడు.

"ఓడ నిజంగా తగిలితే ఏమవుతుంది నాన్నా?" అని అడిగిందామె.

"మట్టేగా. దానికేం కాదు. పోటొచ్చాక లేస్తుంది." అన్నాడాయన. "కానీ ఐదు గంటలు కదలకుండా ఉంటుంది. ప్రపంచమంతా చూస్తుంది. పక్కవాడు నవ్వుతాడు. పెద్దవాళ్ళకి దెబ్బ తగిలితే మర్చిపోతారమ్మా. నవ్వులపాలైతే మర్చిపోరు. ఎవరో ఒకరి మీద పడాలి. ఆ పడే చోటు ఇది." అని గచ్చు మీది మేకుల వైపు చూపించాడు.

ఆమె ఎంగిలి కంచాలు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఇప్పుడు తన తప్పు చెబితే ఆ పడేది ఎవరి మీదో ఆయన లెక్క వేసే ఉంటాడని అప్పుడు తోచలేదు. తర్వాత తోచింది.

*

గురువారం పది గంటలకు ఆయన రాళ్ళ కట్ట చివరికి వెళ్ళి నిలబడ్డాడు. పాత నల్లతాడు భుజాన వేసుకున్నాడు, ఎందుకో ఆయనకే తెలియదు. కూతురు వెనకే వెళ్ళింది. ఆటు బాగా తీసింది. కట్ట రాళ్ళకు పట్టిన పాచి అంతా బయటపడి ఉంది.

ఓడ ముందు ఒక మచ్చ, తర్వాత ఒక గోడ. అది వస్తోందనిపించలేదు, దాని చుట్టూ సముద్రం జరుగుతోందనిపించింది. మన పైలట్ పడవ దాని పక్కన చెప్పులో రాయిలా ఉంది. ఆఫీసరు పైలట్ చెవిన ఆ మాట వేశాడో లేదో తెలియదు. గూని దగ్గరవుతున్నకొద్దీ ఆయన పెదవులు కదిలాయి. పక్కన నిలబడితే వినిపించింది. లెక్కపెడుతున్నాడు. ఐదూ ముక్కాలు. ఐదూ ముక్కాలు.

ఆమె కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి ఓడ వేగం తగ్గింది. ముక్కు కొంచెం దక్షిణానికి తిరిగింది. గూని అంచు పట్టుకుని, దర్జీ గుడ్డ మీద గీసిన గీత వెంట కత్తెర పోయినట్టు, సన్న సందులోంచి దాటి మళ్ళీ నేరుగా తిరిగింది. ఓడ గట్టుకు తగలగానే బాకాలు మోగాయి. సమయం పదకొండుకు రెండు నిమిషాలు.

ఆయన అక్కడే రాయి మీద కూలబడ్డాడు. ఆమె ఏడుస్తూ నవ్వింది. "దాటింది నాన్నా. ఆఫీసరు గారు చెప్పేశారు. చూశారా."

ఆయన సంతోషపడలేదు. ఓడ వెనక చల్లారుతున్న నురగనే చూస్తున్నాడు.

సాయంత్రం పైలట్ వచ్చి చెప్పాడు. తనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఓడ ఎక్కగానే కాఫీ ఇచ్చి, తలమీద ఒక టోపీ పెట్టి, కిటికీ పక్కన కూర్చోబెట్టారు. దారి చూపించమని అడగలేదు. చక్రం తిప్పింది వాళ్ళే.

"మరి ఎవరు చెప్పారు వాళ్ళకి?" అన్నాడాయన.

అదే ప్రశ్న మంగళవారం వచ్చిన ఆ ఇద్దరికి కూడా వచ్చింది.

*

శుక్రవారం పొద్దున కళ్ళజోడాయన వచ్చి ఆయన్నూ, కొత్త తాడునూ కస్టమ్స్ భవనానికి తీసుకెళ్ళాడు. సొరుగులోని ఉత్తరం అప్పటికే బల్ల మీద ఉంది. ప్రభుత్వం ఆరు బారలని రాసి పంపింది. ఓడ మాత్రం ఆరు లేవని తెలిసినట్టు నడిచింది. దక్షిణం సందు మాట ఈ దేశంలో ఒకే ఒక్క కాగితం మీద ఉంది. ఆ కాగితం రాసింది ఈయన. సోమవారం ఆ కాగితం బయటపడితే పక్కదేశానికి పనిచేసిన మనిషి అయ్యేవాడు, గురువారం నుంచి దూరపు దేశానికి రేవు రహస్యాలు అమ్మిన మనిషి అయ్యాడు.

మధ్యాహ్నం కూతురు అక్కడికి పరుగున వెళ్ళింది. తలుపు దగ్గర ఆపినా ఆగలేదు.

"ఆ తాడు కట్టింది నేను. మా నాన్న కాదు. సరిగా నానబెట్టకుండా కట్టాను. ఆ ఉత్తరం అబద్ధం."

కళ్ళజోడాయన ఓపిక గలవాడు. "ఎలా కట్టావో చూపించమ్మా," అని ఒక తాడు ముక్క ఇచ్చాడు. ఆమె కట్టింది. ఎడంచేతి ముడి ఎప్పుడూ ఎడమకే తిరుగుతుంది. ఆయన బల్ల మీది కొత్త తాడును ఆమె ముందుకు జరిపాడు.

తోలు ముక్కా, ఎర్రగుడ్డా, తెల్లగుడ్డా, ఉత్త ముళ్ళూ అన్నీ కుడికి తిరిగి ఉన్నాయి.

"ఇందులో నీ ముడి ఒక్కటీ లేదు. తండ్రి మీద ప్రేమ ఉండాల్సిందే. ఇంటికి వెళ్ళు," అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం దాకా వేసి ఉన్న తలుపు ఆమెకు అప్పుడు అర్థమైంది. ఒక్కో గుర్తూ విప్పి, అదే చోట, అదే దూరంలో, మళ్ళీ తన చేత్తో కట్టాడు. తప్పును దిద్దలేదు. దాని మీది చేతిముద్ర మాత్రం మార్చాడు.

ఆయన్ను శనివారం సాయంత్రం పంపించేశారు. కొట్టలేదు. ఒకటే ప్రశ్న రెండు రోజులపాటు అడిగారట. సందు సంగతి మీకు కాక ఇంకెవరికి తెలుసు? ఎవరికీ తెలియదన్నాడు. పొద్దున అడిగినా అదే, సాయంత్రం అడిగినా అదే. విచారణ పూర్తయ్యేవరకు పనిలోకి రావద్దని కాగితం ఇచ్చారు.

ఓడ సోమవారం వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు కూడా ఆ సందులోంచే వెళ్ళింది. సరిహద్దులో గుడారాలు ఎత్తేశారని పేపర్లో వచ్చింది. కోటాయన ఫోటో వచ్చింది.

సరంగు ఆ రోజే ఇంటికి వచ్చాడు. గడపలో నిలబడి, "ఏం బావా, దొరల మర్యాదలైపోయాయా? పడవ ఒక్కణ్ణే నడపలేక చస్తున్నా," అన్నాడు.

మంచం మీదున్న ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సరంగు నవ్వబోయి ఆగాడు. "నిద్రపోతున్నాడా ఎడంచేతమ్మా?"

"అవును మామయ్యా," అందామె.

మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. మూడుసార్లూ ఆయన గోడవైపే తిరిగాడు. మూడోసారి సరంగు గడపకు అవతలే కాసేపు నిలబడి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

"ఎందుకు నాన్నా అలా?" అని అడిగింది.

ఆయన ఇటు తిరిగి అన్నాడు. "దక్షిణం సందు ఇద్దరికే తెలుసమ్మా. నేను చెప్పలేదు."

"మామయ్య అలాంటివాడా?"

"కాదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారీ కాదు. అదే భయంగా ఉంది." ఆయన గొంతు తగ్గించాడు, ఆ గదిలో ఇద్దరే ఉన్నా. "ఓడవాళ్ళు అంత పెద్దవాళ్ళు. వాణ్ణి ఏం చేసి మాట రాబట్టారో. వాడి పేరు నా నోట రాకుండా చూసుకున్నా. నిద్రలో కూడా అంటానేమోనని పడుకోవట్లేదు."

తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేవాడు. పక్కింటి పెద్దావిడ గిన్నె పట్టుకుని వస్తే కూడా ముందు కాళ్ళవైపు చూసేవాడు, బూట్లు ఉన్నాయా అని. వరండాలో మేకులు ఆదివారం ఎండలో ఖాళీగా మెరిశాయి. తాడు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. ఓడ వెళ్ళిన పన్నెండో రోజు పొద్దున టీ తెచ్చేసరికి ఆయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. గుండె అన్నాడు డాక్టరు. సరంగు అందరికంటే వెనక, గోడకు ఆనుకుని నిలబడి, ఎవరూ పిలవకపోయేసరికి దగ్గరకు రాలేదు.

*

మూడు నెలల తర్వాత రేవు ఆఫీసరు బీరువా సర్దిస్తూ పైనున్న ఒక గొట్టాన్ని కూతురి చేతికి ఇచ్చాడు. ఓడ వెళ్ళేటప్పుడు వాళ్ళ కెప్టెన్ ఇచ్చిన బహుమతి. చట్రంలో పెట్టి తగిలించే వస్తువు కాదని ఎవరూ విప్పలేదు. రిబ్బను కూడా అలాగే ఉంది.

"గోడ మీద పాత పటం చిరిగిపోయింది. అదేదో చూసి తగిలించమ్మా," అన్నాడు.

బల్ల మీద పరిచి నాలుగు మూలలా నాలుగు పుస్తకాలు పెట్టింది. అది మన రేవు పటమే. అచ్చు ఎంత సన్నగా ఉందంటే గట్టు మీద ఓడలు కట్టే గుంజలు కూడా లెక్కపెట్టవచ్చు. దారి మధ్యలో గూని ఉంది. దాని మీద ముప్పై నాలుగున్నర అని అంకె ఉంది. పక్కన దక్షిణంగా చుక్కల గీత, సందు మొదలు నుంచి చివరిదాకా.

కింద కుడి మూలన కొలిచిన పరిశోధన పడవ పేరు, కొలిచిన తేదీలు ఉన్నాయి. మూడేళ్ళ కిందటివి. నాలుగో తేదీ నుంచి పద్నాలుగో తేదీ వరకు, పదకొండు రోజులు.